నల్లలోయ రక్తపిశాచులు: రోజుకు ఎంత తాగుతారు?

ఎర్రసిరా | రాత్రి 9:14

అందరికీ నమస్కారం. ఒక నవల రాస్తున్నాను. నల్లలోయ అనే కల్పిత ప్రాంతం. చుట్టూ కొండలు, బయటి ప్రపంచంతో రాకపోకలు తక్కువ. అందులో 40,000 మంది మనుషులు, 600 మంది రక్తపిశాచులు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే కలిసి బతుకుతుంటారు. మంత్రాలు, శాపాలు వద్దనుకున్నాను. వాళ్ళు ఇంకో జాతి ప్రాణులు, అంతే. పిల్లల్ని కంటారు. కొరికినంత మాత్రాన మనిషి పిశాచి అయిపోడు.

పదకొండు అధ్యాయాలయ్యాక మా చెల్లి చదివి, "అక్కా, వీళ్ళు రోజుకు ఎంత తాగుతారు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. అప్పట్నుంచి పెన్ను కదలడం లేదు. శరీరం ఎలా పనిచేస్తుందో తేలితే, వాళ్ళ సమాజం ఎలా ఉంటుందో అదే తేలుతుందని ఆశ. సాయం చేయండి.

తొందరపాటు | రాత్రి 9:20

రోజుకొక మనిషి. పని అయిపోయింది. తర్వాతి ప్రశ్న?

లెక్కలపిచ్చి | రాత్రి 9:47

తొందరపాటూ, 600 మంది రోజుకొకణ్ణి చంపితే 40,000 మంది 67 రోజుల్లో ఖాళీ. ఆ తర్వాత నవలలో ఎవరుంటారు?

ఎర్రసిరా గారూ, కొరికితే మారిపోరని పెట్టి మంచి పని చేశారు. ఒక పిశాచి నెలకొకణ్ణి మార్చి, మారినవాళ్ళూ అదే పని చేస్తే సంఖ్య నెలనెలా రెట్టింపు అవుతుంది. 33వ నెలకు దాదాపు 859 కోట్లు. రక్తబీజుడి కథ కనీసం యుద్ధరంగంలో ఆగింది, ఇది ఆగదు.

ఇక మీ చెల్లెలి ప్రశ్న. లీటరు రక్తంలో దాదాపు 800 గ్రాములు నీళ్ళే. హిమోగ్లోబిన్, ప్లాస్మా ప్రొటీన్లు కలిపి ఓ 190 గ్రాములు. కొవ్వు, చక్కెర నామమాత్రం. ప్రొటీన్‌కి గ్రాముకు 4 క్యాలరీలు వేసుకుంటే లీటరుకు 750 చిల్లర. మీ పిశాచి మనిషంత ఉండి, మనిషిలా తిరుగుతూ రోజుకు 2,000 క్యాలరీలు ఖర్చుపెడితే 2.7 లీటర్లు తాగాలి. ఏడాదికి 985 లీటర్లు.

మనిషి ఒంట్లో ఉండేదే 5 లీటర్లు. ప్రాణానికి ముప్పు లేకుండా ఒకసారికి 450 మిల్లీలీటర్లు, మూడు నెలలకోసారి ఇస్తే ఏడాదికి 1.8 లీటర్లు. అంటే ఒక్క పిశాచిని పోషించడానికి 547 మంది దాతలు. పిల్లల్ని, ముసలివాళ్ళని, జబ్బుపడ్డవాళ్ళని తీసేసి లోయలో 20,000 మంది ఇస్తారనుకుందాం.

మీ లోయలో 36 మంది పిశాచులు బతుకుతారు.

ఎర్రసిరా | రాత్రి 9:55

36?? మొదటి అధ్యాయంలో పెళ్ళికి వచ్చినవాళ్ళకే 46 పేర్లు పెట్టానండీ.

తొందరపాటు | రాత్రి 9:57

పెళ్ళికొడుకు తరఫువాళ్ళని పిలవకండి 😀

గబ్బిలంబాబు | రాత్రి 10:18

ఈ చర్చ నాకోసమే మొదలైనట్టుంది. రక్తమే ఆహారంగా బతికే గబ్బిలాలు నిజంగా మూడు జాతులున్నాయి. మూడూ మెక్సికో నుంచి దక్షిణ అమెరికా వరకు ఉండేవే. వాటిని చూస్తే సినిమా పిశాచిలో సగం తప్పులు బయటపడతాయి.

కోరలతో గుచ్చి పీల్చడం అనేది లేదు. ఆ పని ముందుపళ్ళది. పైపళ్ళకు ఎనామెల్ ఉండదు కాబట్టి ఎప్పుడూ బ్లేడులా పదునుగా ఉంటాయి. చిన్న గాటు పెట్టి, కారే రక్తాన్ని పిల్లి పాలు తాగినట్టు నాలుకతో లాక్కుంటాయి. లాలాజలంలో రక్తాన్ని గడ్డకట్టనివ్వని పదార్థాలు ఉంటాయి. చర్మం కింద వెచ్చటి రక్తనాళం ఎక్కడుందో ముక్కు దగ్గరున్న భాగాలతో పసిగడతాయి. కాబట్టి మీ పిశాచి మెడే కొరకాలని రూలేం లేదు. నిద్రపోతున్న మనిషి పాదం చాలు, అతను లేవను కూడా లేవడు.

ఇంకోటి. 30, 40 గ్రాముల గబ్బిలం ఒక రాత్రికి తన బరువులో సగం దాకా తాగుతుంది. ఆ బరువుతో ఎగరడం కష్టం కాబట్టి తాగుతూ తాగుతూనే నీళ్ళు వదిలేయడం మొదలుపెడుతుంది. అంటే... మూత్రం పోస్తూ భోంచేస్తుంది. నల్లకోటు వేసుకున్న జమీందారు పిశాచికి ఇది అన్వయించుకుని చూడండి.

జలగమ్మ | రాత్రి 10:40

గబ్బిలంబాబు గారు మర్యాదగా ఆగారు, నేను ఆగను. 2.7 లీటర్ల రక్తం అంటే రోజుకు అరకిలో ప్రొటీన్. అందులోని నైట్రోజన్ అంతా యూరియాగా బయటికి పోవాలి. మనిషి కాలేయం, కిడ్నీలు అంత భారాన్ని రోజూ మోయలేవు. కాబట్టి పిశాచి కిడ్నీలు పెద్దవి, ఇల్లు అమ్మోనియా కంపు. రక్తం తాగే గబ్బిలాల గుహలు అలాగే ఉంటాయి. అత్తరు ఎందుకు పూసుకుంటారో ఇప్పుడు అర్థమవుతోందా?

ఐరన్ ఇంకా ఘోరం. లీటరు రక్తంలో అర గ్రాము ఐరన్ ఉంటుంది. రోజుకు 1.3 గ్రాములు లోపలికి పోతుంది. మన ఒంట్లో మొత్తం కలిపి ఉండేదే 3, 4 గ్రాములు, పేగు రోజుకు తీసుకునేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఎక్కువైతే కాలేయం, గుండె దెబ్బతింటాయి. కాబట్టి వీళ్ళ పేగు ఐరన్‌ని గడప దాటనివ్వకూడదు. అదంతా తారులా నల్లగా బయటికి పోతుంది. నల్లలోయకి ఆ పేరు ఎందుకొచ్చిందో మీరే ఆలోచించుకోండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం మాత్రం వేరే ఉంది. రక్తంలో బి విటమిన్లు చాలా తక్కువ. రక్తం మీదే బతికే జలగలు, గోమార్లు, నిద్రజబ్బు తెచ్చే సెసీ ఈగలు ఆ లోటుని లోపల కాపురముండే బ్యాక్టీరియాతో పూడ్చుకుంటాయి. సెసీ ఈగ తల్లి వాటిని కడుపులో ఉన్న పిల్లకే అందిస్తుంది. మీ పిశాచి బిడ్డకు ఆ సూక్ష్మజీవులు ఎవరిస్తారు? తల్లి తాగి, కక్కి, నోట్లో పెట్టాలి. రక్తం తాగే గబ్బిలాల్లో తల్లులు పిల్లలకి పాలతో పాటు అలా కక్కిన రక్తం కూడా పెడతాయి. తల్లి నోటి నుంచి ఆ మొదటి గుటక అందని పిల్ల ఎంత తాగినా చిక్కిపోతుంది. మీ నవలలో అనాథ పిశాచి ఉంటే దాని కథ ఇదే.

ఎర్రసిరా | రాత్రి 10:52

జలగమ్మ గారూ, కడుపులో దేవుతోంది, కానీ ఒళ్ళు జలదరించింది కూడా. అనాథ ఉంది. ఆరో అధ్యాయం.

పాతపుస్తకం | రాత్రి 11:05

పాతకాలపు నమ్మకాల గురించి ఒక ముక్క. 1725లో సెర్బియాలోని కిసిల్యెవో అనే పల్లెలో పీటర్ బ్లగోయెవిచ్ అనే రైతు చచ్చిపోయాక వచ్చి మనుషుల్ని చంపుతున్నాడని గోరీ తవ్వారు. అధికారి రాసిన నివేదికలో శవం పాలిపోయి లేదు. నోటి దగ్గర తాజా రక్తం, కొత్తగా పెరిగినట్టు గోళ్ళు. ఇదంతా కుళ్ళే శవంలో మామూలుగా జరిగేదే. పొట్ట ఉబ్బుతుంది, లోపలి ద్రవం నోటికొస్తుంది, చర్మం వెనక్కి పోయి గోళ్ళు పొడుగ్గా కనిపిస్తాయి. 1755లో ఆస్ట్రియా రాణి మరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్‌తో విచారణ చేయించి, శవాల్ని తవ్వడాన్ని ఆపించింది.

అంటే పల్లెజనం చూసిన పిశాచి బాగా తిని ఎర్రబడ్డ రైతు. సన్నగా, పాలిపోయి, పట్టుబట్టల్లో ఉండే దొర తర్వాత రచయితలు తయారుచేసినవాడు. మీ నల్లలోయలో రైతు పిశాచులు ఉన్నారా తల్లీ?

తొందరపాటు | రాత్రి 11:11

ఎండకి కాలిపోవడం, అద్దంలో కనపడకపోవడం? వెండి అద్దం కాబట్టి అని ఎక్కడో చదివా.

లెక్కలపిచ్చి | రాత్రి 11:19

అద్దాల వెనక వెండి పూత పూసే పద్ధతిని జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1835లో కనిపెట్టాడు. అంతకుముందు తగరం, పాదరసం. కాబట్టి 1700ల్లో పిశాచి అద్దంలో నిక్షేపంగా కనపడాలి. అద్దం వదిలేయండి.

జలగమ్మ | రాత్రి 11:30

ఎండ మాత్రం వదలక్కర్లేదు. రక్తానికి ఎర్రరంగునిచ్చే హీమ్ తయారీలో వచ్చే ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం చర్మంలో పేరుకుంటే ఊదారంగు వెలుతురు తగలగానే మంట పుడుతుంది. మామూలు కిటికీ అద్దం ఆ వెలుతురుని ఆపదు. ఇంట్లో కూర్చున్నా తప్పదన్నమాట. అదే ఊదా కాంతిలో పార్ఫిరిన్లు ఎర్రగా మెరుస్తాయి. మీ లోయలో మనుషుల దగ్గర ఊదారంగు దీపం ఒకటి ఉంటే చాలు, ఎవరేంటో తెలిసిపోతుంది.

వేదిక నిర్వాహకుడు | రాత్రి 11:38

ఒక చిన్న మాట. ఈ పార్ఫిరిన్లకు సంబంధించిన పార్ఫిరియా అనేది నిజమైన జబ్బు, నిజమైన మనుషులకు ఉంటుంది. 1985లో ఒక రసాయన శాస్త్రవేత్త రక్తపిశాచుల కథలకు మూలం ఇదేనని ఊహించి చెప్పాడు, అది నిలబడలేదు. రక్తం తాగితే ఆ జబ్బు తగ్గదు, అలాంటి కోరికా పుట్టదు. ఆ ఊహ వల్ల రోగులు చాలా మాటలు పడ్డారు. మీ కల్పిత జాతికి ఏ రసాయనమైనా పెట్టుకోండి, జబ్బు పేరు మాత్రం పెట్టకండి.

జలగమ్మ | రాత్రి 11:41

ఒప్పుకుంటున్నా. నేనే ముందు చెప్పాల్సింది.

ఎర్రసిరా | రాత్రి 11:50

సరే. 36 సంగతేంటి? వాళ్ళ జీవక్రియని పదో వంతుకు తగ్గిస్తే? మొసళ్ళు, పాముల్లాగా.

లెక్కలపిచ్చి | రాత్రి 11:56

అప్పుడు 365 మంది. పశువుల్ని కలిపితే ఇంకా. 400 కిలోల ఆవులో 24 లీటర్ల రక్తం ఉంటుంది. నెలకు 2 లీటర్లు తీసినా తట్టుకుంటుంది, ఏడాదికి 24. అంటే ఒక ఆవు 13 మంది మనుషులతో సమానం. తూర్పు ఆఫ్రికాలో మసాయి పశుపాలకులు ఆవుని చంపకుండా మెడ నరం నుంచి రక్తం తీసి తాగే పద్ధతి ఉంది, కాబట్టి ఇది గాల్లో లెక్క కాదు. మందలో వెయ్యి ఆవులుంటే 24,000 లీటర్లు.

పాతపుస్తకం | రాత్రి 12:04

అయితే మనిషిని కొరకడం ఎందుకు? ఆకలికి ఆవు చాలు. ఇక మనిషి రక్తం హోదా కోసమే. పెళ్ళిలో పెద్దలకు మనిషిది, మిగతావాళ్ళకు ఆవుది. ఎవరి గ్లాసులో ఏముందో వాసనతో అందరికీ తెలుస్తుంది, ఎవరూ నోరెత్తరు.

గబ్బిలంబాబు | రాత్రి 12:22

ఆగండాగండి. పదో వంతు అనగానే నాకు ఇష్టమైనది చచ్చిపోతుంది.

గబ్బిలాల్లో అసలు అందం వాటి చేబదులు. వరసగా రెండు మూడు రాత్రులు తిండి దొరక్కపోతే గబ్బిలం చచ్చిపోతుంది. అందుకని కడుపునిండిన గబ్బిలం ఖాళీ కడుపుతో వచ్చినదాని నోట్లో కొంచెం రక్తం కక్కుతుంది. 1984లో జెరాల్డ్ విల్కిన్సన్ అనే జీవశాస్త్రవేత్త దీన్ని ప్రచురించాడు. బంధువులకే కాదు, పరిచయస్తులకు కూడా. ఎవరు ఎవరికి పెడతారనేది చుట్టరికం కన్నా, ఇంతకుముందు తనకు ఎవరు పెట్టారన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కొత్తవాళ్ళతో అయితే ముందు ఒళ్ళు నాకి శుభ్రం చేయడం, నమ్మకం కుదిరాకే రక్తం.

మన భాషలో వడ్డీ వ్యాపారిని రక్తం పీలుస్తున్నాడంటాం. వీటి దగ్గర రివర్స్, అప్పిచ్చేవాడే రక్తం పోస్తాడు. కోటలో ఒంటరిగా ఉండే పిశాచి నాలుగో రోజు ఉండడు.

కానీ మొసలి జీవక్రియ పెడితే నెలల తరబడి ఆకలేయదు. ఆకలి లేకపోతే చేబదులెందుకు? ఒకరి గడప ఒకరు తొక్కక్కర్లేదు. మీకు సంఖ్య వస్తుంది, సమాజం పోతుంది.

లెక్కలపిచ్చి | రాత్రి 12:29

గబ్బిలంబాబు చెప్పిందాంట్లో ఒక పొరపాటు. గబ్బిలం మూడు రోజుల్లో చచ్చేది అది చిన్నది కాబట్టి. 60 కిలోల శరీరానికి ఆ తొందర ఉండదు. కొవ్వు లేని తిండి కాబట్టి నిల్వలు తక్కువ, నిజమే. అయినా వారాలు లాగుతుంది.

గబ్బిలంబాబు | రాత్రి 12:31

అది మర్చిపోయాను. నిద్ర పట్టేలా లేదు ఇప్పుడు.

జలగమ్మ | రాత్రి 12:58

నిద్ర! శవపేటిక ఎందుకుందో ఎవరూ అడగలేదేం?

జీవక్రియని సగంసగం తగ్గించకండి. మేలుకుంటే మనిషిలా పూర్తి వేగం, పడుకుంటే చలికాలపు ఉడతలా. నేల ఉడతల్లో కొన్ని నిద్రలో ఒంటి వేడిని దాదాపు మంచు స్థాయికి దించేస్తాయి, ఖర్చు మామూలులో ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. వాటికి అసలు ఖర్చు నిద్ర కాదు, నిద్ర లేవడం. చలికాలం మొత్తంలో ఎక్కువ శక్తి మధ్యమధ్యలో ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది, దానికోసం ప్రత్యేకంగా కొవ్వు దాచుకుంటాయి.

మీ పిశాచికి ఆ కొవ్వు లేదు. అంటే తనంతట తాను లేవలేడు.

లెక్కలపిచ్చి | రాత్రి 1:16

లెక్క చేశాను. 60 కిలోల ఒంటిని 10 డిగ్రీల నుంచి 37కి తేవాలంటే సుమారు 1,345 క్యాలరీలు. రక్తంలో 1.8 లీటర్లు.

ఒక దాత ఏడాది పొడవునా ఇచ్చేది సరిగ్గా అంతే.

ఇప్పుడు మొత్తం చూద్దాం. మనుషుల నుంచి 36,000, ఆవుల నుంచి 24,000, కలిపి 60,000 లీటర్లు. మేలుకున్నవాడికి ఏడాదికి 985. నిద్రపోతున్నవాడికి అందులో 2 శాతం, అంటే దాదాపు 20. మొత్తం 600 మంది ఉండాలంటే 50 మంది మెలకువగా, 550 మంది నిద్రలో. ఒక్కొక్కరికి పన్నెండేళ్ళలో ఒక ఏడాది మెలకువ.

పాతపుస్తకం | రాత్రి 1:20

పుష్కరానికో ఏడాది! 600 ఏళ్ళ పిశాచి నిజానికి 50 ఏళ్ళే బతికినట్టు. అతను మాట్లాడే భాష ప్రతిసారీ పదకొండేళ్ళు వెనకబడి ఉంటుంది. గ్రాంథికం మాట్లాడే పిశాచి జోకు ఇక చెల్లదు. పాపం, నిన్నగాక మొన్నటి సినిమా పాట పాడుతుంటే అందరూ నవ్వుతారు, అంతే.

తొందరపాటు | రాత్రి 1:24

వడ్డీ మాత్రం నిద్రపోదు కదా 😀

లెక్కలపిచ్చి | రాత్రి 1:27

100 నాణేలు 2 శాతం చక్రవడ్డీకి వేస్తే 500 ఏళ్ళకు దాదాపు 20 లక్షలు. పడుకున్నవాళ్ళే ధనవంతులు. కానీ పద్దు మేలుకున్నవాళ్ళ చేతిలో ఉంటుంది.

జలగమ్మ | రాత్రి 1:39

ఇంకో అడుగు. నిద్రపోతున్నవాడు కొరకలేడు. ఎవరో నోట్లో పోయాలి. జలగ ఒకసారి తాగిన రక్తాన్ని నెలల తరబడి నెమ్మదిగా అరిగించుకుంటుంది, దాని పేగులోని బ్యాక్టీరియా అది కుళ్ళకుండా కాపాడుతుంది. వీళ్ళకీ అదే పెట్టండి. ఏడాదికి 20 లీటర్లంటే నెలకోసారి 1.6 లీటర్లు పోస్తే సరి.

50 మంది మెలకువ, 550 మంది నిద్ర. ఒక్కొక్కరి మీద 11 మంది.

గబ్బిలంబాబు | రాత్రి 1:44

చేబదులు తిరిగొచ్చింది! మూడు రోజుల చేబదులు కాదు, పన్నెండేళ్ళది. పడుకునే ముందు పిశాచి అడిగేది ఒకటే ప్రశ్న: నాకు ఎవరు పోస్తారు? ఏడాది పొడవునా పదకొండు మందికి కడుపులో మోసి పెట్టినవాళ్ళు, ఆ పదకొండు మందిలో ఒకణ్ణి లేపి, వాడి పక్కన పడుకోవాలి. వాడు తనకి పోస్తాడన్న నమ్మకం మీద.

పాతపుస్తకం | రాత్రి 1:49

వారసత్వ తగాదాలకు కత్తులక్కర్లేదు. ఒక నెల మర్చిపోతే చాలు. హత్య అని నిరూపించడం కూడా కష్టం.

ఎర్రసిరా | తెల్లవారుజాము 3:35

మొదటి అధ్యాయం చించేశాను. పెళ్ళి లేదు. ఇది చూడండి.

"మూడు రోజులకొకరు. ఈ రాత్రి అత్తగారి వంతు. మూత తీసి, ముందు చెంపలు రుద్దింది, చన్నీళ్ళలో నానిన తోలులా ఉన్నాయి. గడ్డం పట్టుకుని నోరు తెరిచింది. ఆవు రక్తం. పెద్దావిడ మెలకువగా ఉన్నప్పుడు ఆవుది ముట్టేది కాదు. సగం పోశాక గొంతు ఒకసారి కదిలింది. పక్క పెట్టె భర్తది. దాన్ని దాటి నేరుగా మెట్ల వైపు నడిచింది. ఇంకా నలభై రోజుల్లో ఆమె ఏడాది అయిపోతుంది. ఎవరిని లేపాలో ఇంకా తేల్చుకోలేదు."

గబ్బిలంబాబు | తెల్లవారుజాము 3:41

భర్త పెట్టె దాటిపోవడం. అబ్బ.

లెక్కలపిచ్చి | తెల్లవారుజాము 3:48

నెలకు 11 మంది అంటే 2.7 రోజులకొకరు. మూడు రోజులకొకరైతే 30 రోజుల్లో పది మందికే అందుతుంది. ఒకళ్ళు మిగిలిపోతారు.

ఎర్రసిరా | తెల్లవారుజాము 3:50

తెలుసండీ. అందుకే అలా రాశాను.

ఎర్రసిరా | ఉదయం 7:26

చెల్లి చదివింది. "ఈమెకు జ్వరమొచ్చి ఏం తాగినా ఇమడకపోతే, ఆ వారం ఎవరు పోస్తారక్కా?" అంటోంది. ఎవరైనా చెప్పగలరా?